అండర్‌గ్రౌండ్ 2 ఒరిజినల్ సీడీలు: 71 శాతం దగ్గర ఆగుతోంది, ఎక్కినా తెరుచుకోవడం లేదు

భీమారం_బంటి · శుక్రవారం రాత్రి 9:40

అందరికీ నమస్తే. దసరాకు ఇల్లు దులుపుతుంటే సజ్జ మీద పాత చీరల మూట వెనక నా నీడ్ ఫర్ స్పీడ్ అండర్‌గ్రౌండ్ 2 కార్ రేసింగ్ ఆట డబ్బా దొరికింది. ఇంటర్ పాసయ్యానని బాపు హైదరాబాద్ నుంచి తెచ్చిన ఒరిజినల్. రెండు సీడీలు, పుస్తకం, పుస్తకం వెనక కీ స్టిక్కర్ అన్నీ ఉన్నాయి. మా అక్క కొడుకు సెలవులకు వచ్చి ఉన్నాడు. "మీ మామ ఎట్లాంటి ఆటలు ఆడేవాడో చూద్దువు రా" అని గొప్పగా పిలిచి కూర్చోబెట్టా. ఇప్పుడు పరువు పోయేలా ఉంది.

ల్యాప్‌టాప్ విండోస్ 11. దానికి డ్రైవ్ లేదు కాబట్టి పక్కింటాయన దగ్గర యూఎస్‌బీ డీవీడీ రైటర్ అడిగి తెచ్చుకున్నా. ఇన్‌స్టాల్ 71 శాతం దాకా పోయి, డ్రైవ్ గుర్రుగుర్రుమని అరిచి, "డేటా ఎర్రర్, సైక్లిక్ రిడండెన్సీ చెక్" అంటోంది. ఐదుసార్లు చేస్తే ఒక్కసారి ఎందుకో పూర్తయింది. ఐకాన్ మీద నొక్కితే మౌస్ పక్కన నీలం చక్రం ఒక్క సెకను తిరిగి మాయం. ఎర్రర్ లేదు, ఏమీ లేదు. అడ్మిన్‌గా నడిపి చూశా, కంపాటిబిలిటీలో ఎక్స్‌పీ పెట్టి చూశా, యాంటీవైరస్ ఆపి చూశా. సీడీలు పాడయ్యాయా, ల్యాప్‌టాప్‌దా తప్పు? పిల్లవాడు సోమవారం వెళ్లిపోతాడు.

జగిత్యాల_జోకర్ · శుక్రవారం రాత్రి 9:52

టూత్‌పేస్ట్ రుద్దు అన్నా. తెల్లది, జెల్ కాదు. మా హాస్టల్‌లో అందరం అదే చేసేవాళ్లం.

చౌరస్తా_పాతకాపు · శుక్రవారం రాత్రి 10:15

బంటీ, ముందు ఆ టూత్‌పేస్ట్ మాట పక్కన పెట్టు. హన్మకొండ చౌరస్తా దగ్గర పదేళ్లు రిపేర్ షాపు నడిపినోణ్ని. టూత్‌పేస్ట్ పూసి నా దగ్గరికి తెచ్చిన సీడీల్లో బాగుపడ్డవాటి కంటే చచ్చినవే ఎక్కువ.

నీకు ఉన్నది ఒక జబ్బు కాదు, రెండు. 71 దగ్గర ఆగడం చదవలేకపోవడం: డిస్కుదో, డ్రైవ్‌దో. ఎక్కినాక తెరుచుకోకపోవడం పూర్తిగా వేరే కథ. రెండూ కలిపి చూస్తే పరేషాన్ తప్ప ఏమీ తేలదు. మొదటిది ముందు చూద్దాం.

సీడీ మధ్యలో మొదలై అంచు వైపు చదువుకుంటూ పోతుంది. సగం దాటాక ఆగుతోందంటే డిస్కు బయటి వైపు చూడు. మనం పట్టుకునేది అంచునే కదా, వేలిముద్రలు అక్కడే ఉంటాయి. మెత్తటి నూలుబట్ట తడిపి మధ్య నుంచి అంచుకు నేరుగా తుడువు. గుండ్రంగా తిప్పి తుడవొద్దు. అడ్డంగా పడ్డ గీతను సీడీ లెక్క సరిచేసుకుంటుంది, రెండు మిల్లీమీటర్ల పైచిలుకు డేటా వరుసగా పోయినా పూడ్చుకునే ఏర్పాటు అందులో ఉంటుంది. కానీ ట్రాక్ వెంబడే గుండ్రంగా గీత పడితే అంత పొడవు పూడ్చలేదు. టూత్‌పేస్ట్ చేసే పని సరిగ్గా అదే.

తర్వాత డిస్కును ట్యూబ్‌లైట్ వైపు ఎత్తి, బొమ్మ ఉన్న వైపు నుంచి చూడు. సూదిమొనంత చుక్కల్లో వెలుతురు వస్తోందా? సీడీలో డేటా ఉండేది కింద కాదు, బొమ్మకు ఆనుకుని పైన. కింద ఉన్నదంతా 1.2 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ మాత్రమే. కింద గీతలు పడితే ఆశ ఉంటుంది, పైన పొర లేస్తే ఆ ముక్క పోయినట్టే. డీవీడీ అయితే డేటా రెండు ప్లాస్టిక్ రేకుల నడుమ ఉంటుంది, పైన గీసినా కొంచెం నయం.

ఇంకొకటి. ఆ యూఎస్‌బీ డ్రైవ్‌లో సినిమా డీవీడీ బాగా ఆడుతోంది కాబట్టి డ్రైవ్ మంచిదే అనుకోకు. డీవీడీకి 650 నానోమీటర్ల ఎర్ర లేజర్, సీడీకి 780 నానోమీటర్లది. ఒకటి నీరసించినా రెండోది బాగానే ఉండొచ్చు. షాపులో రోజుకొకరు ఇదే అడిగేవాళ్లు, "డీవీడీ చదువుతోంది, సీడీ ఎందుకు చదవదు" అని.

కాజీపేట_జంక్షన్ · శుక్రవారం రాత్రి 10:31

ఇంత లొల్లి ఎందుకు. నో సీడీ ఫైల్, అంటే సీడీ అడగకుండా ఆట తెరిచేలా మార్చిన ఫైల్, ఒకటి దించి పాత దాని మీద వేస్తే ఐదు నిమిషాల పని. లింక్ పెట్టనా?

చౌరస్తా_పాతకాపు · శుక్రవారం రాత్రి 10:33

లింకులు వద్దు, ఇక్కడి రూల్ నీకు తెలుసు.

మానుకోట_అక్క · శుక్రవారం రాత్రి 11:05

రూల్ సంగతి అటుంచండి. డబ్బు పెట్టి కొన్న మనిషి తన ఆట తెరుచుకోవాలనుకోవడం తప్పని నేను అనను. కానీ ఆ ఫైళ్లు పెట్టే సైట్లలో నాలుగు డౌన్‌లోడ్ బటన్లు ఉంటే మూడు దొంగవి. "యాంటీవైరస్ ఆపి నడపండి, అది ఊరికే అరుస్తుంది" అని పక్కనే రాసి ఉంటుంది. ఊరికే అరుస్తోందో నిజంగా అరుస్తోందో మనకు తెలిసే దారి లేదు. అదే ల్యాప్‌టాప్‌లో బ్యాంకు, యూపీఐ, ఇంట్లోవాళ్ల ఆధార్ స్కాన్‌లు ఉంటాయి కదా. నేను ఉద్యోగంలో చూసే కేసుల్లో ఇట్లా మొదలైనవి తక్కువేం కాదు.

భీమారం_బంటి · శనివారం ఉదయం 8:20

పాతకాపన్నా, చెప్పినట్టే తుడిచా. చుక్కలు లేవు. నిన్న రాత్రి ఇమ్జ్‌బర్న్ అనే ప్రోగ్రాంలో రెండు డిస్కులూ మొదటి నుంచి చివరిదాకా చదివించి చూశా. గుండె జారింది.

ఒకదాంట్లో చివరి వైపు అక్కడక్కడ ఎర్రర్లు, సరే. రెండోది, అంటే ఆడేటప్పుడు డ్రైవ్‌లో పెట్టమని అడిగే డిస్కు, మొదట్లోనే నాశనం. వెయ్యో సెక్టార్ (డిస్కులో డేటా దాచే చిన్న ముక్క) కూడా రాకముందే మొదలై వేలకొద్దీ ఎర్రర్లు. దాదాపు పదివేల దాకా అంతే, తర్వాత నీళ్లలా పోయింది. కళ్లతో చూస్తే ఆ డిస్కు మీద ఒక్క గీత లేదు. లోపల బూజు పట్టిందా? వీధి చివర జిరాక్స్ షాపాయన పాలిష్ మిషన్ ఉంది, తెమ్మంటున్నాడు.

జగిత్యాల_జోకర్ · శనివారం ఉదయం 8:24

నేను నిన్ననే చెప్పా. పేస్ట్.

బొగ్గుబావి_బ్యాచ్ · శనివారం ఉదయం 8:41

ఆగు ఆగు ఆగు. ఆ డిస్కుకు పేస్టూ వద్దు, పాలిషూ వద్దు. అది ఆరోగ్యంగా ఉంది.

ఆ ఎర్రర్లు ఫ్యాక్టరీలో కావాలని పెట్టినవి. సేఫ్‌డిస్క్ అని మాక్రోవిజన్ కంపెనీ వాళ్ల కాపీ ప్రొటెక్షన్ ఉండేది. ఆ రోజుల్లో ఈ రేసింగ్ ఆటల్లో చాలావాటికి అదే. డిస్కు మొదట్లో, పదివేల సెక్టార్ల లోపు, చదవడానికి రాని సెక్టార్లు వేలల్లో ముద్రిస్తారు. సెక్టార్‌కు 2048 బైట్లు, అంటే మొత్తం కలిపి 20 ఎంబీ జాగా. ఆటకు కావాల్సిన ఫైళ్లేవీ అక్కడ ఉండవు. మామూలు రైటర్‌తో కాపీ కొడితే ఏం జరుగుతుంది? అక్కడికి రాగానే డ్రైవ్ చేతులెత్తేస్తుంది, లేదంటే ఆ జాగాను మంచి సెక్టార్లతో నింపేస్తుంది. కాపీ చూడ్డానికి అసలు కంటే శుభ్రంగా ఉంటుంది, అక్కడే దొరికిపోతుంది.

ఆటను తెరిచే ఫైల్‌ను తాళం వేసినట్టు ఎన్‌క్రిప్ట్ చేసి పెడతారు. నువ్వు ఐకాన్ నొక్కగానే ముందు లేచేది ఆట కాదు, కాపలాదారు. డిస్కులోని ఆ గుర్తులు చూసుకుని, సరిపోతేనే తాళం తీస్తాడు.

కాజీపేట_జంక్షన్ · శనివారం ఉదయం 9:02

నమ్మబుద్ధి కావట్లేదు. అమ్మే సరుకును కంపెనీయే పాడుచేసి అమ్ముతుందా?

బొగ్గుబావి_బ్యాచ్ · శనివారం ఉదయం 9:10

మందలో గొర్రెపిల్లకు చెవి కొస కోస్తారు, చూశావా? ఎవరి మందదో తెలియడానికి. తెలియనోడు చూస్తే కుక్క కరిచిందనుకుంటాడు. చెవికి కుట్లు వేసి బాగుచేస్తే గొర్రె ఎవరిదో చెప్పలేం. ఇదీ అంతే.

అనుమానం ఉంటే ఒక పరీక్ష ఉంది బంటీ. డిస్కు మొత్తం చదివించడం కాదు, డిస్కు తెరిచి లోపలి ఫైళ్లన్నీ సెలెక్ట్ చేసి హార్డ్‌డిస్కులో ఒక ఫోల్డర్‌లోకి కాపీ చెయ్. రెండు డిస్కులకూ. ఏది ఎర్రర్ లేకుండా కాపీ అయితే దాని ఒంట్లో జబ్బు లేనట్టు.

భీమారం_బంటి · శనివారం ఉదయం 10:05

చేశా. మొదట్లో వేల ఎర్రర్లు వచ్చిన డిస్కు ఒక్క మాట అనకుండా కాపీ అయింది! చివరి వైపు ఎర్రర్లు వచ్చినది ఒక పెద్ద ఫైల్ దగ్గర ఆగింది. అంటే నేను మంచి డిస్కును మిషన్‌కు ఇచ్చి, చెడ్డదాన్ని డబ్బాలో పెట్టేవాణ్ని. జిరాక్స్ షాపాయనకు ఫోన్ చేసి వద్దని చెప్పా.

చౌరస్తా_పాతకాపు · శనివారం ఉదయం 10:22

బాగా చేశావు. ఆగిన డిస్కును ఇంకో డ్రైవ్‌లో వేసి చూడు, వీలైతే డెస్క్‌టాప్ లోపల ఉండే పాత డ్రైవ్. ఈ పలచటి యూఎస్‌బీ డ్రైవ్‌లకు కరెంటే సరిపోదు. మామూలు యూఎస్‌బీ 2 పోర్టు ఇచ్చేది 500 మిల్లీఆంప్‌లు, అంచు దగ్గర చదివే వేగం పెరిగి తడబడుతుంటే అది చాలదు. హబ్‌లో పెట్టి ఉంటే తీసి నేరుగా ల్యాప్‌టాప్‌కు పెట్టు. రెండు మూతుల కేబుల్ ఉంటే రెండూ పెట్టు.

మానుకోట_అక్క · శనివారం ఉదయం 11:30

ఇక రెండో జబ్బు. కాపీ అయిపోయి ఇన్‌స్టాల్ పూర్తయినా బంటి ల్యాప్‌టాప్‌లో ఆట తెరుచుకోదు. అది డిస్కు తప్పు కాదు, మైక్రోసాఫ్ట్ తలుపు మూసేసింది.

బొగ్గుబావి చెప్పిన కాపలాదారుకు ఒక డ్రైవర్ ఫైల్ (డిస్కు డ్రైవ్ కాదు, విండోస్ లోపల నడిచే చిన్న ప్రోగ్రాం) కావాలి, సెక్‌డీఆర్‌వీ డాట్ సిస్. ఎక్స్‌పీలో విండోస్‌తో పాటే వచ్చేది. చిక్కేమిటంటే అది విండోస్ గుండెకాయలో, కెర్నల్ స్థాయిలో నడుస్తుంది. అక్కడ చిన్న కన్నం ఉన్నా మామూలు యూజర్‌గా లోపలికొచ్చిన దొంగ ఇంటి యజమాని అయిపోతాడు. 2007లో సరిగ్గా అట్లాంటి కన్నమే బయటపడింది, అదే ఏడాది డిసెంబర్‌లో అతుకు వేశారు. 2015లో విండోస్ 10 వచ్చినప్పుడు ఆ డ్రైవర్‌కు చోటే ఇవ్వలేదు. అదే ఏడాది సెప్టెంబర్‌లో అప్‌డేట్ ఇచ్చి విస్టా, 7, 8లలో కూడా ఆపేశారు. వాటిలో ఆ డ్రైవర్‌ను మనమే చేత్తో లేపి, ఆట అయ్యాక మళ్లీ పడుకోబెట్టొచ్చు. 10, 11లలో ఆ వీలూ లేదు. అందుకే నీలం చక్రం ఒక్కసారి తిరిగి మాయమవుతోంది. కాపలాదారు లేచి, తన డ్రైవర్ కనిపించక, చెప్పాపెట్టకుండా వెళ్లిపోతున్నాడు.

భద్రత కోణంలో మైక్రోసాఫ్ట్ చేసింది సరైనదే అంటాను. కానీ కొన్నవాళ్ల గతి ఏమిటని ఆటలు అమ్మిన కంపెనీలు చాలావరకు పట్టించుకోలేదు. ఒక చిన్న ప్యాచ్ ఇచ్చి కాపలా తీసేస్తే సరిపోయేది.

కాజీపేట_జంక్షన్ · శనివారం మధ్యాహ్నం 12:14

పాత ఎక్స్‌పీ నుంచి ఆ సిస్ ఫైల్ తెచ్చి, డ్రైవర్ సిగ్నేచర్ చెకింగ్ (డ్రైవర్ నమ్మదగిందేనా అని విండోస్ చూసేది) ఆపేసి విండోస్ 11లో వేస్తే నడుస్తుందట కదా. వీడియో చూశా.

మానుకోట_అక్క · శనివారం మధ్యాహ్నం 12:20

పైలం. ఒక్క ఆట కోసం ఇంటి తలుపులన్నీ తీసి పెట్టుకున్నట్టు. సిగ్నేచర్ చెకింగ్ ఆపితే ఆ ఒక్క డ్రైవర్‌కే కాదు, ఏ డ్రైవర్‌కైనా దారి తెరిచినట్టే.

బొగ్గుబావి_బ్యాచ్ · శనివారం మధ్యాహ్నం 12:48

దానికంటే మర్యాదైన దారి ఉంది. గిట్‌హబ్‌లో సేఫ్‌డిస్క్‌షిమ్ అని దొరుకుతుంది, సోర్స్ కూడా తెరిచి పెట్టారు. పాత డ్రైవర్‌ను వేయకుండా, కాపలాదారు అడిగే ప్రశ్నలకు డ్రైవర్ తరఫున తను జవాబిస్తుంది. ఒరిజినల్ డిస్కు మాత్రం డ్రైవ్‌లో ఉండాల్సిందే, అందుకే నాకు నచ్చింది. మా అన్న దగ్గరున్న మోస్ట్ వాంటెడ్ (ఇదే సిరీస్‌లో ఇంకో ఆట) డిస్కుతో విండోస్ 10లో నేను ఆడుతున్నది దానితోనే.

కాజీపేట_జంక్షన్ · శనివారం మధ్యాహ్నం 1:10

సరే, నాదీ ఒకటి అడుగుతా. నా దగ్గరున్న వేరే ఆటకు "డిస్క్ ఎమ్యులేటర్ సాఫ్ట్‌వేర్‌తో ఘర్షణ" అన్నట్టు ఏదో మెసేజ్ వస్తుంది. ఒరిజినల్ డిస్కే.

బొగ్గుబావి_బ్యాచ్ · శనివారం మధ్యాహ్నం 1:16

అది సెక్యూరామ్, సోనీ వాళ్ల కాపీ ప్రొటెక్షన్. నీ పీసీలో వర్చువల్ సీడీ డ్రైవ్ చూపించే ప్రోగ్రాం ఏదో ఉంది. తీసేసి రీస్టార్ట్ చెయ్. డిస్కు అసలుదా కాదా అని చూసే బదులు నీ కంప్యూటర్‌లో ఇంకేం ఉన్నాయో వెతికే రకం అది. తర్వాత తర్వాత వాళ్లు ఇంకా ముదిరి ఆన్‌లైన్ లెక్క పెట్టారు. 2008లో స్పోర్ అనే ఆటను మూడు కంప్యూటర్లకే అన్నారు, జనం గోల చేస్తే ఐదు చేశారు. విండోస్ మళ్లీ వేసుకున్నా ఒక లెక్క పోతుందేమోనని భయం. సీడీ కాపలా దానికంటే వెయ్యి రెట్లు నయం, కనీసం మన ఇంట్లోనే ఉంటుంది.

పరకాల_పెంటియం · శనివారం మధ్యాహ్నం 2:02

మా పాపకు 98 నాటి టైపింగ్ సీడీ పెట్టబోతే "ఈ యాప్ మీ పీసీలో నడవదు" అంటోంది. ఇది కూడా అదే కాపలానా?

చౌరస్తా_పాతకాపు · శనివారం మధ్యాహ్నం 2:09

కాదు సార్. అది పాత కాలపు 16 బిట్ ఇన్‌స్టాల్ ప్రోగ్రాం అయి ఉంటుంది, 64 బిట్ విండోస్ దాన్ని ముట్టుకోదు. 32 బిట్ ఎక్స్‌పీ ఉన్న పాత పీసీలో అయితే ఎక్కుతుంది.

భీమారం_బంటి · శనివారం మధ్యాహ్నం 2:30

ఎక్స్‌పీ అంటే గుర్తొచ్చింది! జమ్మికుంటలో అమ్మ వాళ్లింట్లో నా పాత పెంటియం 4 ఇంకా ఉంది, టవల్ కప్పి పెట్టారు. అల్లుణ్ని తీసుకుని ఇప్పుడే బయల్దేరుతున్నా. సద్దుల బతుకమ్మకు ఎలాగూ వెళ్లాలి.

మానుకోట_అక్క · శనివారం మధ్యాహ్నం 2:34

దానికి ఇంటర్నెట్ మాత్రం తగిలించొద్దు తమ్ముడూ. ఎక్స్‌పీకి అప్‌డేట్లు 2014 ఏప్రిల్‌తోనే ఆగిపోయాయి.

భీమారం_బంటి · ఆదివారం రాత్రి 11:48

పడుకునే ముందు రాస్తున్నా, కొంచెం పొడుగు.

క్యాబినెట్ మూత తీస్తే లోపల బల్లి గుడ్లు రెండు, తెల్లగా, ర్యామ్ పక్కనే. అమ్మ వాటిని తీయనివ్వలేదు, తనే కాగితం మీద ఎత్తి గోడ పక్కన పెట్టింది. స్విచ్ వేస్తే మొదటిసారి ఏమీ రాలేదు. ర్యామ్ తీసి, కొసలు రబ్బరుతో రుద్ది మళ్లీ పెడితే లేచింది. బ్యాటరీ చచ్చి తేదీ 2002 చూపించింది, ఎఫ్1 నొక్కి ముందుకు పోయా. ఎక్స్‌పీ పచ్చగడ్డి బొమ్మ రాగానే అల్లుడు "మామా, ఈ వాల్‌పేపర్ మీమ్స్‌లో చూశా" అన్నాడు.

డ్రైవ్ ట్రే బయటికి రాలేదు. పాతకాపన్నకు ఫోన్ కొడితే కరెంట్ ఆపి, ముందున్న చిన్న కన్నంలో పిన్నీసు నిటారుగా పెట్టి నొక్కమన్నాడు. వచ్చింది. లెన్స్ మీద దుమ్ము కంటికే కనిపిస్తోంది, గాజు మీద పిండి చల్లినట్టు. దూది పుల్లకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ రెండు చుక్కలు, ఒత్తకుండా ఒక్క తుడుపు. తర్వాత ల్యాప్‌టాప్ దగ్గర ఆగిన డిస్కును ఇందులో కాపీ పెట్టా. అదే పెద్ద ఫైల్ దగ్గర రెండు నిమిషాలు నిలబడిపోయింది. వేగం తగ్గింది, శబ్దం మారింది, తగ్గు గొంతుతో గొణుక్కున్నట్టు. అల్లుడూ నేనూ ఊపిరి బిగబట్టి నీలం గీతనే చూస్తున్నాం. కదిలింది. పూర్తయింది.

రెండు డిస్కుల ఫైళ్లూ ఒకే ఫోల్డర్‌లో పెట్టి అక్కడి నుంచే ఇన్‌స్టాల్ చేశా, 71 దాటి వంద కొట్టింది. కీ దగ్గర ఒక అక్షరం బి నా, 8 నా అని పావుగంట. బి. ఐకాన్ నొక్కితే సీడీ బొమ్మ ఒకటి మెరిసి, డ్రైవ్ నాలుగైదుసార్లు టక్కు టక్కుమని వెతికింది. బొగ్గుబావి అన్న చెప్పిన గొర్రె చెవి గుర్తొచ్చింది. తర్వాత పాట.

అల్లుడికి బొమ్మలు అంతగా నచ్చలేదు, "రాత్రి పూటే ఎందుకు నడుపుతారు, పగలు లేదా" అన్నాడు. కానీ బండికి నియాన్ లైట్లు పెట్టుకునే దగ్గర గంటన్నర కూర్చున్నాడు. ఊదారంగు. అందరూ బతుకమ్మ ఆడి వచ్చేసరికి ఇంకా అక్కడే ఉన్నాడు.

అన్నలకు, అక్కకు మస్తు థ్యాంక్స్. ఫైళ్ల ఫోల్డర్ పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్నా. ఇంటికెళ్లాక ల్యాప్‌టాప్‌లో ఆ షిమ్‌తో కూడా చూసి చెప్తా. ఒక్కటే మిగిలింది: ఆ పాత డ్రైవ్ ట్రే ఇప్పుడు పిన్నీసు లేకుండా తెరుచుకోదు. డ్రైవ్ మార్చాలా?

చౌరస్తా_పాతకాపు · సోమవారం ఉదయం 6:55

మార్చొద్దు, ఆ లెన్స్ బంగారం. లోపల ట్రేను లాగే చిన్న రబ్బరు బెల్ట్ సాగిపోయి ఉంటుంది, అంతే. కాసేపు వేడినీళ్లలో వేస్తే కొన్నాళ్లు పట్టు వస్తుంది. కొత్తది కావాలంటే టేప్ రికార్డర్లు బాగుచేసే ముసలాయన ఒకరు మా వీధిలో ఇంకా కూర్చుంటున్నాడు, ఆయన డబ్బాలో అన్ని సైజులూ ఉంటాయి. వచ్చేటప్పుడు డ్రైవ్ విప్పి పట్టుకురా. సాయంత్రం ఆరు దాటాక రా, పగలు ఆయన నిద్రపోతాడు.

జగిత్యాల_జోకర్ · సోమవారం ఉదయం 7:03

లెన్స్‌కు పేస్ట్ పెట్టలేదు కదా?